బానెట్టు లోపలి పసుపు

చింతమాకులపల్లె,
పూతలపట్టు మండలం,
చిత్తూరు జిల్లా.

జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు, చిత్తూరు.

అయ్యా,

విషయం: సరికొత్తదని చెప్పి ఫోను ద్వారా నాకు అమ్మిన కారుకు మాకన్నా ముందే ఎవరో పూజ చేసి ఉన్నందున, సదరు ఎవరో ఎవరు, వారు ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అనే సంగతి తమ కంప్యూటరులో చూసి తెలియజేయమని కోరుతూ.

జతపరచినవి: కారు కాగితాల నకళ్ళు, బానెట్టు లోపలి భాగం ఫోటో, కంపెనీకి నేను పెట్టుకున్న మొరలు, వాటికి వారు పంపిన జవాబులు (మొరలు వేరువేరు, జవాబు ఒకటే).

తమకు మనవి చేసుకునేది ఏమంటే, నా పేరు చెంగల్రాయుడు. వయసు యాభై ఏడు. వృత్తి మామిడి తోట సేద్యం. మా ఊరి బడిలో పది దాకా చదివాను. అర్జీ రాసే పద్ధతి మా తెలుగు అయ్యవారు నేర్పించారు: ముందు విషయం, తర్వాత బాధ, చివర దండం. బాధ ఎక్కువగా ఉంటే అంకెలు వేసుకోమన్నారు. అంకె మారినప్పుడల్లా మనిషికి కోపం కొంచెం దిగుతుందని ఆయన నమ్మకం. కింద అంకెలు వేశాను. దిగలేదు.

1. నా భార్య దేవకమ్మ పోయిన ఏడు పశువుల కొట్టంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తిరుపతిలో ఆపరేషన్ చేశారు. వారం వారం పోయి అక్కడ వ్యాయామం చేయించుకోవాలి. మానేస్తే కాలు బిగుసుకుపోతుందని, ఇక జన్మలో చేతికర్ర వదిలేది ఉండదని డాక్టరమ్మ చెప్పింది. బస్సు మెట్లు ఎక్కకూడదు, కుదుపు తగలకూడదు అని కూడా చెప్పింది. ఈ రెండు మాటలూ కలిపితే కారు అని అర్థం. మాకు పాత కారు ఒకటి ఉండేది గాని, దాని సీటు నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. తుంటి విరిగిన మనిషి దాంట్లో కూర్చోగలదు, లేవలేదు. కాబట్టి సీటు ఎత్తుగా ఉండే కొత్త కారు కొనాలనుకున్నాము. ఈ కారు నాకు షోకు కాదని తమకు తెలియడానికి ఇంత రాశాను.

2. మా అల్లుడు హరినాథ్ రేణిగుంటలో ఒక గోడౌనులో సూపర్‌వైజరు. మంచివాడు. ఫోనులో దొరకని వస్తువు లోకంలో లేదని నమ్మేవాడు.

"మామా, ఇంగ షోరూముల చుట్టూ తిరిగే కాలం పోయింది. కూర్చున్న చోటికే కారు వస్తాది," అన్నాడు.

"చూడకుండా ఎట్ల కొనేదప్పా? మేకపిల్లనే నోరు తెరిచి పండ్లు చూసి కొంటాము."

"ఫోన్లో చూడొచ్చు మామా. అన్ని పక్కలా తిప్పి తిప్పి చూడొచ్చు."

తిప్పి చూశాను. వేలు పెట్టి తోస్తే కారు గిర్రున తిరిగింది. తలుపు తీసుకుని లోపలికి కూడా పోయింది నా వేలు. బానెట్టు మాత్రం తెరుచుకోలేదు. అనుమానించాల్సింది అప్పుడే.

సదరు ఆన్‌లైన్ అంగడి పేరు జతపరచిన కాగితాల్లో ఉంది. నోటితో పలకడం మానేశాను. పలికితే చాలు, పక్కనున్న ఫోను విని, మళ్ళీ ఒక కారు కొనమని బొమ్మలు చూపిస్తుంది.

3. షోరూము వాళ్ళు సత్యసంధులని నేను అనడం లేదు. మా పాత కారు చిత్తూరులో గిరిప్రసాద్ అనే సేల్స్ మనిషి అమ్మాడు. అడగని గొడుగు, అడగని సెంటుబుడ్డి, కాళ్ళ కింద వేసే పట్టలు రెండు జతలు అంటగట్టాడు. కాళ్ళు ఎన్ని జతలున్నాయి నాకు అని అడిగితే, నవ్వి కాఫీ తెప్పించాడు. ఏసీ పనిచేయకపోతే నేను పోయి ఆయన మేజా ముందర కూర్చున్నాను. ఏమీ అనలేదు, ఊరికే కూర్చున్నాను. పొద్దున కాఫీ ఇచ్చాడు. తర్వాత ఇంకొక కాఫీ ఇచ్చాడు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ విప్పి, నన్ను ఎదురుగా పెట్టుకుని ముద్ద మింగలేక, "లే అన్నా, లేసి రా, నేనే చేయిస్తా," అని లేచాడు. సాయంత్రానికి ఏసీ చల్లగా వచ్చింది.

మనిషి ఎదురుగా మనిషి కూర్చుంటే కొంచెం సిగ్గు పుడుతుంది. మన జిల్లాలో ఇన్నాళ్ళూ వ్యాపారం జరిగింది ఆ కొంచెం సిగ్గు మీదే. ఇప్పుడు నేను కొన్న అంగడికి మేజా లేదు, కుర్చీ లేదు, క్యారియర్ లేదు. కడుపు మండినవాడు యాడ పోయి కూర్చోవాలి? అది నా మొదటి ప్రశ్న. అంకె మూడులో వచ్చినందుకు మన్నించండి.

4. కారు శుక్రవారం పొద్దున తొమ్మిదికి వస్తుందని సందేశం వచ్చింది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం మొదలు. తమరు పెద్ద అధికారి, ఆఫీసులో రాహుకాలంతో తమకు పని ఉండకపోవచ్చు. ఇంట్లో ఉంటుంది. ఆ గంటన్నరలో కొత్త బండి గుమ్మానికి రాకూడదు. పదిన్నర లోపలే రావాలి, లేదంటే పన్నెండు దాటాక రావాలి. లారీ పన్నెండు దాకా ఆగదు, ఆ మనిషి ఇంకా రెండు ఊర్లలో కార్లు దించాలట. లారీ వచ్చేసరికి పది దాటి చాలాసేపైంది. మా వీధిలోకి పట్టక రోడ్డు మీదే నిలిపాడు.

"ఓటీపీ చెప్పండి సార్, దించుతాను."

"ముందు దించప్పా. చూసి చెప్తాను."

"చెప్తేనే దించేది సార్. రూలు అట్లుండాది."

"చూడకుండా ఎట్ల చెప్పేది?"

"చూసినాక చెప్పినా అదే నంబరు గదా సార్."

ఈలోగా మా దేవకమ్మ కర్ర పట్టుకుని వీధి చివరికి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, రాహుకాలం మీదికి వచ్చేస్తాండాది. ఆ నంబరేందో ఆ మనిషికి పారేయకూడదా."

పారేశాను. కారు లారీ మీద నుంచి సగం దిగి వంకరగా వేలాడుతుండగానే నా ఫోను మోగింది. సందేశం ఇది: "అభినందనలు. మీరు మీ సరికొత్త కారును క్షుణ్ణంగా పరిశీలించి, పూర్తి సంతృప్తితో స్వీకరించారు." నేను అప్పటికి దాని వెనక చక్రాలు మాత్రం చూసి ఉన్నాను. రెండూ ఉన్నాయి.

రాహుకాలం కన్నా ముందే కారు గుమ్మానికి చేరింది. ఆ నాలుగు నిమిషాల లాభం కోసం నేను ఓటీపీ చెప్పాను. ఆ ఓటీపీ పట్టుకునే కంపెనీ ఇప్పుడు నా నోరు నొక్కుతోంది. రాహువు గ్రహమే గాని ఇంత నష్టం ఎప్పుడూ చేయలేదు.

5. రాహుకాలం పోయేదాకా కారు మీద చేయి వేయకుండా కాచుకుని, పన్నెండు దాటాక పూజ మొదలుపెట్టాము. అప్పటికి లారీ లేదు. దేవకమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పెట్టుకుని వచ్చింది. ఇంజనుకు కూడా బొట్టు పెట్టాలంటే నేను బానెట్టు ఎత్తి పట్టుకున్నాను. ఆమె కర్ర నా చేతికిచ్చి, ముందుకు వంగి, అట్లే ఆగిపోయింది.

"ఏమయ్యా, నువ్వు పెట్టినావా?"

"ఏంది?"

"బొట్టు."

చూశాను. బానెట్టు లోపలి పక్క, మూల దగ్గర, పసుపు మందంగా పూసి ఉంది. నడుమ కుంకుమ బొట్టు. ఎండి, బీటలు వారి ఉంది. కారును బయట అద్దంలాగా కడిగారు గాని లోపల చూడలేదు. కిందికి వంగి చూస్తే ముందరి బంపరు అడుగున నల్లదారం ముడి ఒకటి. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కడతామే, ఆ దారం. కత్తిరించారు. ముడి మాత్రం రాలేదు.

నేను మొదట ఇది ఫ్యాక్టరీలోనే పెట్టి పంపారేమో అనుకున్నాను. ఈ కాలంలో అన్నీ బిగించే పంపుతారు కదా. ఆ మాటే అన్నాను.

"ఫ్యాక్టరీలో పెట్టింది గాదు. ఇంటి ఆడమనిషి చెయ్యి ఇది. చూడు, ఉంగరం వేలితో దిద్దుండాది."

"ఎవురో కొని, రంగు నచ్చక ఎనక్కి ఇచ్చుంటారు లే."

"బొట్టు పెట్టినాక రంగు చూస్తారా ఎవురన్నా? పూజ చేసుకున్న బండిని ఊరికే వదులుకుంటారా?" పళ్ళెం కింద పెట్టింది. "వాళ్ళకేమన్నా అయ్యుంటాదయ్యా. ఈ బండిలోనే అయ్యుంటాది."

"అయ్యుంటే సొట్ట ఉండదా?"

"సొట్ట తీయించేదానికెంత సేపు."

నా దగ్గర కర్ర తీసుకుని లోపలికి పోయింది. గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది: "వాళ్ళ సంగతి తెలిసేదాకా నేను దాంట్లో కాలు పెట్టను."

ఇదీ అసలు బాధ. మిగిలినవన్నీ దీని పిల్లలు.

6. కంపెనీకి మొర పెట్టుకుందామని ఫోను తెరిస్తే, పల్లవి అనే పేరు పలకరించింది. "నమస్కారం, నేను పల్లవిని. మీకు ఎలా సాయపడగలను?" ఎంతో మర్యాద. నేను పై సంగతంతా, పసుపు, దారం, తుంటి ఎముకతో సహా, వేలు నొప్పి పుట్టేదాకా కొట్టి పంపాను. పంపీ పంపకముందే జవాబు వచ్చింది. అంత తొందరగా చదివే ఆడపిల్లను నేను చూడలేదు. తర్వాత హరినాథ్ చెప్పాడు, పల్లవి ఆడపిల్ల కాదని, మనిషే కాదని.

నా బాధ ఏ రకమో ఎంచుకోమంది. టైరు, బ్యాటరీ, రంగు, మరక, ఇతరము. ఇతరము నొక్కితే మళ్ళీ మొదటికి పోయింది. పూజ అనేది యాడా లేదు. చివరికి మరక నొక్కాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా నిపుణుడు మీ ఇంటికే వస్తాడు," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎవరో ఒకరు, కాళ్ళూ చేతులూ ఉన్నవాడు, వస్తున్నాడు.

వచ్చాడు. చిత్తూరులో కార్లు కడిగే మనిషి. నా వయసే ఉంటుంది. బకెట్టు, నురగ సీసా, గుడ్డ తెచ్చుకున్నాడు.

"యాడ సార్ పసుపు మరక?"

"అది మరక గాదప్పా. దాన్ని పెట్టిందెవరో నాకు కావాలి."

"నాకు తుడవమని రాసుండాది సార్. ఎవురు పెట్టిందీ రాయలేదు."

బానెట్టు ఎత్తి, సీసా మూత తీశాడు. అప్పుడు దేవకమ్మ బయటికి వచ్చింది. ఆపరేషన్ అయినాక ఆమె అంత వేగంగా నడవడం నేను చూడలేదు. కర్ర అడ్డం పెట్టింది.

"తుడవద్దు నాయనా. ఎవురో మొక్కుకోని పెట్టింది అది."

"తుడిస్తేనే గదమ్మా నాకు పని అయినట్టు."

"అయినట్టే రాసుకో. మజ్జిగ తాగి పో."

ఆయన మజ్జిగ తాగి, నా ఫోనుకు వచ్చిన ఇంకొక ఓటీపీ అడిగి, పని పూర్తయినట్టు నొక్కుకుని పోయాడు. "మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది," అని సందేశం. అయ్యా, నాకు అప్పటిదాకా ఉన్నది కోపం. ఈ సందేశం చూశాక రోత మొదలైంది. మోసం చేసినవాణ్ణి తిట్టవచ్చు. మోసం చేసి, నీ బాధ తీరిపోయిందని నీకే చెప్పేవాణ్ణి ఏమి చేయాలో మా బడిలో నేర్పలేదు.

ఎక్కకూడని కారు అయినా, దాని మీది పసుపు చెరపకూడదని ఆమె పట్టుదల. రెండింటికీ పొసగదని అంటే, "నీకు తెలీదు లే," అంది.

7. తర్వాత పట్టు వదలకుండా తగులుకుంటే ఒక నిజమైన మనిషి ఫోనులోకి వచ్చాడు. పేరు చెప్పాడు గాని అది ఆయన పేరు కాదని ఆయన గొంతే చెప్పింది.

"సార్, మా పాలసీ ప్రకారం రిజిస్ట్రేషన్ కానంతవరకు కారు కొత్తదే సార్."

"అయితే పేరు పెట్టేదాకా బిడ్డ పుట్టనట్టేనా సామీ?"

"సార్, మీరు పరిశీలించి ఓటీపీ ఇచ్చారు సార్."

"ముందు ఎవరి దగ్గర ఉండిందో, ఎందుకు ఎనక్కి వచ్చిందో, ఆ ఒక్కటి చెప్పు. డబ్బులు కూడా అడగను."

"కస్టమర్ వివరాలు గోప్యం సార్."

"అంటే ఒక కస్టమరు ఉండినట్టే గదా."

"అలా అనలేదు సార్," అన్నాడు.

తమరు ఈ జిల్లాకు ఎప్పుడు బదిలీ అయి వచ్చారో నాకు తెలియదు గాని, మా పక్క ఒక వాడుక ఉంది. ఇద్దరి మధ్య మాట తేలకపోతే పోలీసు స్టేషనుకన్నా ముందు కాణిపాకం పోతాము. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుని ముందర నిలబడి ప్రమాణం చేస్తే అక్కడితో తగువు ఆఖరు. అబద్ధమాడినవాడు చాలామటుకు కోనేటి మెట్ల దగ్గరే నిజం కక్కేస్తాడు. గట్టు జరిపినవాళ్ళు, గొర్రె దొంగిలించినవాళ్ళు, అందరూ. ఆయన్ను కూడా అదే అడిగాను.

"కాణిపాకం రా నాయనా. బస్సు చార్జీ నేనిస్తా. మునిగి, ఇది కొత్త బండేనని ఒక్క మాట చెప్పు. నేను మళ్ళీ ఫోను చేస్తే అడుగు."

"పిన్‌కోడ్ చెప్పండి సార్, చూస్తాను."

చెప్పాను. మీటలు కొట్టిన చప్పుడు వినిపించింది.

"క్షమించాలి సార్. ఆ ప్రాంతంలో ప్రస్తుతం మా సేవలు అందుబాటులో లేవు."

నవ్వు వచ్చింది. ఫోను పెట్టేశాక రాలేదు. ఎవరు మునగాలి అయ్యా? పల్లవి మునగదు. ఫోను మనిషి తన పేరే చెప్పుకోడు. లారీ మనిషికి దించడం వరకే తెలుసు. కడిగే మనిషికి తుడవడం వరకే. ఇంత పెద్ద అంగడిలో తడిబట్ట కట్టుకోవడానికి ఒక్క ఒళ్ళు లేదు. హరినాథ్ తన వంతుగా ఒక్క చుక్క ఇచ్చి రివ్యూ రాశాడు. మా విలువైన అభిప్రాయానికి వారు కృతజ్ఞతలు చెప్పారు. ఆ తర్వాత నుంచి అల్లుడు మా ఇంటికి వస్తే కారు ఉన్న పక్క కాకుండా పెరటి దోవన వస్తున్నాడు.

8. ఈలోగా తిరుపతి వైద్యం ఆగకూడదు కదా. పూతలపట్టు కూడలి దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. మొదటి వారం ఆమెను బస్సు ఎక్కించి, దోవలో మనసు మార్చుకుంటుందేమోనని నేను ఖాళీ కారు వేసుకుని బస్సు వెనకాలే పోయాను. బస్సు ఆగిన చోటల్లా ఆగి, కిటికీ పక్కకు తెచ్చి అడిగాను.

"నొస్తాండాదా?"

"లేదు."

"దిగి రారాదా?"

"నువ్వు పో."

పాకాల దాటేసరికి బస్సులో వాళ్ళకంతా విషయం అందింది. ఆమె పక్క సీటులో ఒక పెద్దామె కూర్చుని ఉంది. బస్సు ఆగినప్పుడు వాళ్ళ మాటలు కిటికీలోంచి నాకు వినబడ్డాయి.

"ఎవురమ్మా ఆయప్ప, మన బస్సు ఎంటబడి వస్తాండాడు?"

"మా ఇంటాయన."

"కొత్త కారు మాదిరి ఉండాదే. అలిగినావా?"

"నేను గాదు. కారే యాడనో అలిగి వచ్చుండాది."

"అయితే నన్ను ఎక్కించుకోమను. నాకు మోకాళ్ళు రొంబ నొప్పి. ఎవురి బొట్టయినా నాకు పరవాలేదు."

బస్సంతా నవ్వింది, మా ఆమె కూడా. తర్వాత చంద్రగిరి దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కిటికీలో ఆమె ముఖం చూశాను. పంటి కింద పెదవి పట్టుకుని, కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉంది. మెత్తటి ఎత్తు సీటు, చల్లటి గాలి, నా పక్కన ఖాళీగా ఉన్నాయి. తమరు నన్ను కారు గురించి అర్జీ పెట్టినవాడిగా చూడవద్దు. ఆ కిటికీ గురించి పెట్టినవాడిగా చూడండి.

9. చివరికి తమ ఆఫీసుకే వచ్చాను. కౌంటరు కిటికీలోని అమ్మ ఓపికగా విన్నది.

"టెంపరరీ నంబరు గడువు దాటకముందే పర్మినెంటుకు పెట్టుకోవాల పెద్దాయనా."

"పెట్టుకుంటే మొదటి యజమాని నేనేనని సంతకం చేయాల గదమ్మా."

"చేయాల."

"మొదటోణ్ణి కాకపోతే?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఈ మాట ఇంతవరకు ఎవురూ అడగలేదు," అంది. "రాసియ్యండి. కాగితం మీద ఉంటే సారు చూస్తారు." అందుకని రాస్తున్నాను. ఆ అమ్మ మీద ఏ ఫిర్యాదూ లేదు. ఇన్నాళ్ళలో నా మాట విని పెన్ను కింద పెట్టినది ఆమె ఒక్కతే.

కాబట్టి నా ప్రార్థనలు:

(అ) జతపరచిన ఛాసిస్ నంబరు తమ కంప్యూటరులో వేసి, ఈ రాష్ట్రంలో గాని పక్క రాష్ట్రంలో గాని దీనికి ఇంతకుముందు ఎవరి పేరుతోనైనా టెంపరరీ నంబరు ఇచ్చారేమో చూడవలెను.

(ఆ) ఇచ్చి ఉంటే, వారు కారు ఎందుకు వదులుకున్నారో కనుక్కోవలెను. వాయిదా కట్టలేక వదిలారా, ఊరు మారారా, సీటు నచ్చలేదా. ఏదైనా పరవాలేదు. మనుషులు బాగుంటే చాలు.

(ఇ) అది తేలేదాకా మొదటి యజమానినని నా చేత సంతకం పెట్టించవద్దు, గడువు దాటిందని జరిమానా వేయవద్దు. అబద్ధం సంతకం పెట్టడానికి నాకు చేయి రాదు. వస్తే నేనూ ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముకునేవాణ్ణి.

(ఈ) కారు చూడకముందే ఓటీపీ అడగకూడదని ఒక ఉత్తర్వు వేయించగలిగితే వేయించవలెను. రాహుకాలాన్ని చట్టంలో చేర్చమని అడగడం లేదు. బండిని నేల మీదికి దించి, బానెట్టు ఎత్తి, కొన్నవాడు ఒకసారి లోపలికి తొంగి చూసేదాకా ఆగమని అంటే చాలు. మేకను అమ్మేవాడికి ఉన్న ఓపిక కారు అమ్మేవాడికి ఉండాలని నా అభిప్రాయం.

పై సంగతులన్నీ నేను కళ్ళారా చూసినవి. కాణిపాకంలో చెప్పమన్నా ఇట్లే చెబుతాను. తమరికి తీరిక దొరికినప్పుడు కాదు, తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు, కొత్త కారుకు ఎన్నో యజమానో తెలియని,
చెంగల్రాయుడు

మరొక మాట: పై అర్జీ రాసి, తపాలా పెట్టెలో వేయకముందే ఒకటి జరిగింది. దాచడం ధర్మం కాదు కాబట్టి రాస్తున్నాను. ఆ వారం తిరుపతి నుంచి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరక్క, దేవకమ్మ చాలా దూరం నిలబడి వచ్చింది. మరుసటి రోజు మంచం దిగలేకపోయింది. డాక్టరమ్మ ఫోనులో వెంటనే తీసుకురమ్మంది. నేను ఆటోకు పోబోతుంటే, "ఆటో వద్దు. దాన్నే తియ్యి," అంది.

వెనక తలుపు తెరిచాను. ఎక్కే ముందర ఆగి, సీటు మీద అరచేయి ఆనించి, మెల్లగా చెప్పింది. నాతో కాదు. "మీరెవురో నాకు తెలీదు. కాలు నొస్తాంటే ఎక్కుతాండాను. ఏమీ అనుకోవద్దండి. యాడున్నా బాగుండండి." తిరుపతి దాకా చేయి సీటు మీద నుంచి తీయలేదు.

అర్జీ ఇంట్లోనే ఉండిపోయింది; అప్పటి నుంచి వారం వారం దాంట్లోనే పోతున్నాము. ఎక్కినప్పుడల్లా ఆ మాట చెప్పే ఎక్కుతోంది. కాలు కొంచెం మేలు. అందువల్ల నా ప్రార్థన (ఆ)ను కింది విధంగా సవరించుకుంటున్నాను.

తమకు ఏ సంగతి తెలిసినా, పై చిరునామాకు, శ్రీమతి దేవకమ్మ పేరున, ఈ కారును మాకన్నా ముందు కొన్నవారు పిల్లాపాపలతో బాగున్నారని ఒక కాగితం పంపవలెను. ఆఫీసు ముద్ర స్పష్టంగా పడాలి, ఆమె ముద్ర చూస్తుంది. ఇది తప్పని నాకు తెలుసు. ఇంతకుముందు పేజీల్లో నిజం నిజం అని ఎంత అరిచానో కూడా తెలుసు. అసలు సంగతి ఏదో అది మాత్రం నా పేరున, గోవిందయ్య ఎరువుల అంగడి, పూతలపట్టు కూడలి, అని రాసి వేరే కవరులో పంపండి. నేను అక్కడ నిలబడి చదువుకుంటాను.

వాళ్ళు నిజంగానే బాగుంటే, ఒక కవరు చాలు.